కూలర్ పైపు

ఆ వేసవిలో మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా అలిసిపోయి ఉన్నాం. అమ్మ కీమోతో, డాడీ డ్యూటీలతో, నేను ఉత్తరేణి మొక్కతో. దేశ రాజధానిలో జనక్‌పురి కాలనీ, మాది డాబాకి సరిగ్గా కింది అంతస్తు. రోజంతా కాగిన గోడ పొద్దుపోయాక కూడా చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఎవరి మీద ఎవరికి చిరాకు వచ్చినా గొంతు పెంచేవాళ్ళం కాదు. పోట్లాడడానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా.

నా పని ఏమిటో చర్చిలో ఆంటీలకి చెప్పబోతే సగంలోనే "అచ్ఛా, మరి పెళ్ళెప్పుడు?" అనేవాళ్ళు. ఇక్కడ అడ్డం పడేవాళ్ళు లేరు కాబట్టి పూర్తిగా చెప్తాను. మొక్కని నీడలో ఎండబెట్టి, పొడికొట్టి, రసాయన ద్రావకంలో నానబెట్టి, ఆ ద్రావకాన్ని ఇగరబెడతాం. అడుగున జిగురు ముద్ద మిగులుతుంది. అందులో కొన్ని వందల పదార్థాలు కలగాపులగంగా ఉంటాయి. వాటిని విడదీయడానికి నిలువెత్తు గాజు గొట్టంలో సిలికా అనే తెల్లపొడి నింపి, పైన ఆ ముద్ద వేసి, దాని మీద ద్రావకం చుక్కచుక్కగా వదులుతూ కూర్చోవాలి. ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో కిందికి దిగుతుంది. కింద సీసాలు మారుస్తూ పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక్కో సీసాలోదాన్నీ క్యాన్సర్ సెల్స్ మీద వేసి, దేనికి చస్తాయో చూడాలి. అయిదేళ్ళు నేను చేసింది ఇదే. పేరు పీహెచ్‌డీ, వయసు ముప్ఫై రెండు, చచ్చిన సెల్స్ అప్పటికి సున్నా.

మార్చి ఆఖర్లో, పైనున్న పెద్ద సీసా నుంచి గాజు గొట్టంలోకి ద్రావకం దించే టెఫ్లాన్ పైపు పగిలింది. కొత్తదానికి ఇండెంట్ పెట్టాను. ఇండెంట్ అంటే మా యూనివర్సిటీలో ఒక కాగితం మూడు సంతకాల కోసం మూడు నెలలు తిరగడం. అంతదాకా ఆగలేక మా కాలనీ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి, కూలర్లకి నీళ్ళు ఎక్కించే ప్లాస్టిక్ పైపు రెండు మీటర్లు కోయించుకున్నాను. "బఢియా మాల్ హై, దీదీ" అన్నాడు షాపతను. నిజంగానే బాగుంది. అద్దంలా తెల్లగా, ఎటు వంచితే అటు మెత్తగా వంగేది. ల్యాబ్‌లో అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు.

మా అమ్మ సరళకుమారి ఇరవై ఎనిమిదేళ్ళు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. చివరి పదేళ్ళు క్యాన్సర్ డే కేర్ వార్డుకి ఇన్‌ఛార్జి. జనవరిలో ఆమెకే రొమ్ములో గడ్డ బయటపడింది. ఫిబ్రవరిలో ఆపరేషన్ చేసి, ఇంకా క్యాన్సర్ సెల్స్ ఏమైనా మిగిలి ఉంటే చావడానికి మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు రాశారు. తను పదేళ్ళు నడిపిన వార్డులోనే, తను పని నేర్పిన పిల్లల చేతే సూది వేయించుకునేది. మూడు కీమోలయ్యేసరికి జుట్టు పోయింది, గోళ్ళు నల్లబడ్డాయి, నోరంతా పుండ్లు. పెరుగన్నం కూడా మంటే. ఆ వార్డు స్పిరిట్ వాసన గుర్తొస్తే చాలు, ఇంట్లో కూర్చునే వాంతి చేసుకునేది.

ఏప్రిల్ మూడో వారంలో ఏడో నంబరు సీసా పలికింది.

పరీక్ష చూడ్డానికి తేలిక. సెల్స్ బతికి ఉంటే మేం వేసే పసుపు రంగు ఊదాగా మారుతుంది. చచ్చిపోతే పసుపు పసుపుగానే ఉండిపోతుంది. ఆ రోజు ప్లేటు బయటికి తీస్తే ఏడో వరసంతా పసుపు. నేను కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ పసుపే. మూడో ప్లేటు చూసిన సాయంత్రం మెట్రోలో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

అమ్మ మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. డాడీ ఆమెకి బార్లీ నీళ్ళు చల్లారబెడుతున్నారు.

"అమ్మా, ఏడోది పని చేసింది."

"ఎంత?" అంది అమ్మ. నర్సులకి ముందు అంకె కావాలి.

"నూటికి ఎనభై రెండు చచ్చిపోయాయి."

"ఏ సెల్సే?"

"రొమ్ము క్యాన్సర్‌వే. అమెరికాలో ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట ఒక నన్ ఒంట్లోంచి తీశారు. అప్పట్నుంచీ ప్రపంచమంతా అవే పెంచుకుంటున్నారు."

"నన్ అంటే కన్యస్త్రీయా?"

"ఆ."

"ఆవిడ పోయిందా?"

"అప్పుడే పోయింది."

"సెల్స్ మాత్రం ఇంకా పెరుగుతున్నాయి" అని తనలో తను అనుకుని, కాసేపు కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేస్తోందో, ఆ కన్యస్త్రీ గురించి ఆలోచిస్తోందో నాకు తెలియలేదు. కళ్ళు తెరిచాక, "ఫోటో ఉందా? చూపించు" అంది. ఫోన్‌లో ఆ పసుపు వరసని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. అయిదేళ్ళలో నా పనిని అమ్మ అంతసేపు చూడడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

మర్నాడు పొద్దున డాడీ డ్యూటీ నుంచి వస్తూ ఒక మోపెడు ఉత్తరేణి తెచ్చారు. డాడీ పేరు యెషయా. ఆర్మీలో హవల్దారుగా రిటైరై, ద్వారకలో ఒక హౌసింగ్ సొసైటీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేసేవారు. నా ల్యాబ్‌కి కావాల్సిన పన్నెండు కిలోల మొక్కని కిందటి అక్టోబర్లో ఆ సొసైటీ వెనకాల ఖాళీ ప్లాట్లలో కోసుకొచ్చింది కూడా ఆయనే. యూనిఫాం ప్యాంటు నిండా ముళ్ళగింజలు అంటుకుని ఉన్నాయి.

"డాడీ, ఇదెందుకు?"

"కషాయానికి."

"నేను చెప్పింది సీసాలో దాని గురించి. మొక్క వేరు, అది వేరు."

"ఆ సీసాలోది మొక్కలోంచి వచ్చిందేగా?"

"వచ్చిందే."

"ఠీక్ హై మరి" అని గిన్నె స్టవ్ మీద పెట్టారు.

నేను ఇంకా చాలా చెప్పాల్సింది. ప్లేటులో చచ్చిన సెల్స్ ఒంట్లో చావాలని లేదని, నాకు తెలిసే ప్లేటులో చంపినవి కొన్ని వేలున్నాయని, వాటిలో మందుగా మారినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని. అమ్మకి ఇవన్నీ నాకన్నా ఎక్కువ తెలుసు. కానీ ఆ పూట ఆమె ఆ గ్లాసు తాగి, కడుపులో నిలుపుకుని, "చేదు బానే ఉంది" అని నవ్వింది. పోనీలే, ఆకుకూరలాంటిదే కదా, కీమోకి తోడుగా తాగితే తప్పేముందని ఊరుకున్నాను.

నాలుగో కీమో ఏప్రిల్ ఇరవై నాలుగున. ఆటోలో నేనూ అమ్మా వెళ్తున్నాం. ఆసుపత్రి ఇంకా రెండు సిగ్నళ్ళ దూరంలో ఉండగానే అమ్మ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట.

"భయ్యా, వాపస్ లే లో" అంది, వెనక్కి తిప్పమని.

ఆటో అతను అద్దంలోంచి నా వైపు చూశాడు.

"అమ్మా, వచ్చేశాం. దిగు."

"నావల్ల కాదే, అనూ. ఆ ఎర్ర కీమో మందు కొన్ని వేలమందికి ఎక్కించా ఈ చేత్తో. 'ఏం కాదమ్మా, కాసేపు ఓర్చుకో' అనేదాన్ని. ఎంత అబద్ధం చెప్పానో ఇప్పుడు తెలుస్తోంది."

"మూడయ్యాయి. ఇంకో మూడేగా."

"ఈ ఒక్కసారి మానేస్తా. మీ మందు ఉందిగా, మూడు వారాలు చూద్దాం."

నేను దిగి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాల్సింది. చిన్న పిల్లలా ఏడ్చినా, తిట్టినా, గేటు ముందు అందరూ చూస్తున్నా తీసుకెళ్ళాల్సింది. నేను ఆ పని చెయ్యలేదు. అలిసిపోయి ఉన్నానని చెప్పుకోవచ్చు. కానీ నిజం చెప్పాలంటే, "మీ మందు" అని ఆమె అన్నప్పుడు నాకు లోపల్లోపల గర్వంగా అనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవమున్న నర్సు నా ఏడో సీసాని నమ్మింది. ఆటో వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం వార్డు నుంచి జెనీఫర్ ఫోన్ చేసింది. అమ్మ దగ్గర పని నేర్చుకున్న తెనాలి అమ్మాయి, రోజూ ఘాజియాబాద్ నుంచి వస్తుంది.

"అక్కా, మేడమ్ రాలేదేంటి? కీమో చైర్ మధ్యాహ్నందాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపాను."

"జ్వరంగా ఉంది" అన్నాను.

తర్వాత మే పదిహేను కూడా అలాగే వెళ్ళిపోయింది. ఈసారి నేను గట్టిగానే అడిగాను. "ఇంకో మూడు వారాలు" అంది అమ్మ. "బానే ఉందిగా, ఎందుకు బలవంతం చేస్తావ్?" అన్నారు డాడీ. నిజమే, బాగానే ఉంది. కీమో ఆపితే ఎవరైనా కొన్నాళ్ళు బాగానే ఉంటారు, ఒంట్లో విషం దిగిపోతుంది కాబట్టి. ఆ సంగతి మా ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. అయినా పుండ్లు మాని ఆమె గోంగూర పచ్చడి అడిగి తింటుంటే, ఆ మాట అనడానికి ఎవరికి నోరొస్తుంది? నెత్తి మీద సన్నగా, తెల్లగా జుట్టు మొలిచింది. రోజూ పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి డాడీ కషాయం గ్లాసు తెచ్చేవారు. ఆర్మీ టైము. ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు.

నేను ఏడో సీసాలో ఉన్న ఒకే ఒక్క పదార్థాన్ని శుభ్రం చేసి, అదేమిటో తేల్చడానికి వేరే సంస్థలో ఎన్‌ఎంఆర్‌కి పంపాను. ఆ యంత్రం ప్రతి పదార్థానికీ దాని వేలిముద్రలాంటి గీత ఒకటి గీసిస్తుంది. గీతని చదివితే పేరు తెలిసిపోతుంది. అక్కడ క్యూ నెల పైనే ఉంది. ఆ నెలంతా నేను కొత్త పదార్థానికి పేర్లు ఆలోచించుకున్నాను. ఒక పేరులో అమ్మ పేరు కూడా కలిపాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, చెప్తే సిగ్గేస్తుంది.

జూన్ మూడున గీత వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండు. బయట నలభై ఏడు డిగ్రీలు. స్క్రీన్ మీద ఫైల్ తెరిచాక ఒక నిమిషం నాకేమీ అర్థం కాలేదు, ఎందుకంటే అది చాలా తేలిగ్గా ఉంది. ఎడమ చివర రెండు చిన్న శిఖరాలు, మధ్యలో ఒకటి, కుడివైపు గుంపుగా కొన్ని. ఈ గీతని నేను ఎక్కడో చూశాను. ఎక్కడో ఏమిటి, మా ల్యాబ్ తలుపు వెనక అంటించిన పాత కాగితం మీదే చూశాను. పీహెచ్‌డీకి చేరిన మొదటి వారంలో ప్రతి ఒక్కరికీ చూపిస్తారు. మొక్కల్లోంచి వచ్చాయని పొరబడే వస్తువుల జాబితా అది. నా ముందున్న గీత అందులో మూడోది, ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె.

లేచి నా గాజు గొట్టం దగ్గరికి వెళ్ళాను. పైన సీసా నుంచి కిందికి వేలాడుతున్న కూలర్ పైపుని పట్టుకుని వంచబోయాను. వంగలేదు. రెండు నెలలు ద్రావకం దానిలోంచి పారింది, ఆ ఎండల్లో, ఏసీ లేని గదిలో. కర్రలా బిగుసుకుపోయి, పసుపు పట్టి ఉంది. ఇంకాస్త గట్టిగా వంచితే టక్కున విరిగింది. దాన్ని మెత్తగా ఉంచిన నూనంతా ద్రావకంలోకి దిగి, ఏడో సీసాలో చేరింది. నేను రెండు నెలలు కూర్చుని చుక్కచుక్కగా పట్టింది దాన్నే. అంత చిక్కటి నూనె మీద పోస్తే ఏ సెల్స్ మాత్రం బతుకుతాయి?

మా గైడ్ నవదీప్ సర్‌కి ఆ గంటలోనే చెప్పాను. విరిగిన పైపు ముక్క ఆయన టేబుల్ మీద పెట్టాను. సర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బ్లాంక్ చలాయా థా?" అన్నారు. మొక్క వెయ్యకుండా ఉత్త ద్రావకాన్ని ఆ పైపులోంచి పంపి, దాన్ని కూడా పరీక్షించావా అని. ఎవరైనా చెయ్యాల్సిన మొదటి పని.

"నహీఁ, సర్."

"హోతా హై. సబ్ కే సాథ్ ఏక్ బార్ హోతా హై." అందరికీ ఒకసారి జరిగేదేనని. కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. "కాలమ్ ఫిర్ సే లగావ్." గాజు గొట్టం మళ్ళీ మొదట్నుంచీ పెట్టమని.

"మరి నా థీసిస్ చాప్టర్, సర్?"

"కౌన్ సా చాప్టర్?" ఏ చాప్టరని అడిగారు, చాలా మెల్లిగా. తిట్టినా బాగుండేది.

సర్‌కి గంటలో చెప్పగలిగాను. అమ్మకి చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో నిలబడి ఉంది. జనవరి తర్వాత ఆమె స్టవ్ ముట్టించడం అదే మొదటిసారి. "వంకాయ కూర చేస్తున్నా, చేతులు కడుక్కురా" అంది. రేపు చెప్దామనుకున్నాను. మర్నాడు ఆమె కాలనీ పార్కుదాకా నడిచి వచ్చి, పదో ఏట గెలిచిన పరుగుపందెం గురించి చెప్పింది. ఆ మర్నాడు అయిదో తారీఖు. ఆరో కీమో రావాల్సిన రోజు.

"ఇవాళ్టితో అన్నీ అయిపోయేవి కదే" అంది పొద్దున్నే గ్లాసు పట్టుకుని. "హాయిగా తప్పించుకున్నా." నవ్వింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేసి, బకెట్ నిండి పొర్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

అప్పుడు చెప్పాల్సింది. ఆ పూట చెప్పి ఉంటే, మధ్యాహ్నానికి డే కేర్‌లో కూర్చోబెట్టగలిగేదాన్ని. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆమె తింటోందని, నవ్వుతోందని, అది పాడుచెయ్యలేకపోయానని నాకు నేను చెప్పుకున్న జవాబు. అది సగమే. మిగతా సగం, నా పనిని మొదటిసారి కళ్ళింత చేసుకుని చూసిన మనిషి ముందు నేను కూలర్ పైపు నూనె పట్టానని చెప్పలేకపోవడం. ఈ రెండో సగం రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి రావట్లేదు.

ఆదివారం చర్చికి స్కార్ఫ్ లేకుండా వచ్చింది. ఆ పొట్టి తెల్లజుట్టుతోనే లేచి నిలబడి పాడింది. ఏడో సీసా సంగతి అమ్మ చెప్పగా విన్న ఆంటీలు వచ్చి చేతులు పట్టుకుని, "మీ అమ్మాయి చదువు ఎందుకు ఆలస్యమైందో ఇప్పుడు తెలిసింది వదినా, దేవుడు మీకోసం ఆపాడు" అన్నారు. అమ్మ నా భుజం నిమిరింది. నేను ఆంటీలందరికీ టీలు అందిస్తూ తిరిగాను.

పన్నెండో తారీఖు సాయంత్రం ఆరింటికి డాడీ గ్లాసు తెచ్చారు. అమ్మ చెయ్యి చాచింది.

"అమ్మా, తాగొద్దు."

ఇద్దరూ నా వైపు చూశారు. బ్యాగులోంచి పైపు ముక్క తీసి మంచం మీద పెట్టాను. మొదట్నుంచీ చెప్పాను, ఒక్క మాట కూడా మింగకుండా. అమ్మ మధ్యలో రెండే ప్రశ్నలు అడిగింది.

"అంటే చంపింది మొక్క కాదు."

"కాదు."

"మొక్కలో ఏమన్నా ఉందా?"

"ఏమో. ఏడో సీసాలో నేను పరీక్ష చేసింది పైపు నూనెని, మొక్కని కాదమ్మా. నాకు తెలీదు."

డాడీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. అమ్మ పైపు ముక్కని గోటితో గీకి చూసింది. ఆమె ముఖంలో కోపం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. ఒంట్లోంచి బలమంతా దిగిపోయినట్టు దిండు మీదికి జారింది. ఒక్కసారిగా మళ్ళీ పేషెంటైపోయింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

"ఇవాళే."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందంటే, నాకే ఆశ్చర్యమేసింది.

అమ్మ తలూపి, ఫోన్ తీసుకుని తనే జెనీఫర్‌కి చేసింది. "రేపు బ్లడ్ టెస్టుకి వస్తా. చైర్ ఎప్పుడుంది చూడు. ఆ, మూడు మిస్సయ్యాను. జ్వరమేం లేదు, అంతా నాటకం. డాక్టర్‌తో నేనే మాట్లాడతా." గొంతు వార్డులో మాట్లాడినట్టే ఉంది. డాడీ కషాయాన్ని సింకులో పారబోసి, వంటింట్లో మిగిలిన ఆకంతా పాత పేపర్లో చుట్టుకుని కిందికి వెళ్ళారు. గంట దాకా రాలేదు. వచ్చాక అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "నేను చదువుకోనోణ్ణి, సరళా" అన్నారు. అమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. వాళ్ళిద్దరినీ అలా చూడలేక నేను డాబా మీదికి వెళ్ళిపోయాను.

జూన్ పదిహేడున అమ్మ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంది. అంతకు ముందు డాక్టర్ ఫైల్ చూసి, "ఎనిమిది వారాల ఆలస్యం" అని మాత్రం అన్నారు. దానివల్ల ఏం జరిగి ఉంటుందని నేను అడిగాను. ఇప్పుడే చెప్పలేం, కొన్నేళ్ళు చూడాలి అన్నారు. ఆ జవాబులో నాకు ఏ మూలా ఊరట దొరకలేదు. ఎనిమిది వారాల్లో నావి తొమ్మిది రోజులు. కానీ మిగిలిన వారాల్లో నాకు తెలియదు, ఆ తొమ్మిది రోజులూ తెలుసు.

జెనీఫర్ ఎర్ర మందు సిరంజితో మెల్లిగా ఎక్కిస్తోంది. అమ్మ పళ్ళు బిగబట్టి కూర్చుని, ధ్యాస మళ్ళించుకోవడానికి మాట్లాడుతోంది.

"మా అనూకి రెండు నెలల పని బూడిదైపోయిందే, జెన్నీ. ఇంకొకళ్ళయితే దాచుకునేవాళ్ళు. తెలిసిన రోజునే వచ్చి నాకు చెప్పేసింది. నీ వార్డులో పిల్లలకి చెప్పు ఈ సంగతి. తప్పు జరిగితే ఆ రోజే చెప్పాలి. పేషెంటుకి రోజంటే ఏంటో మనకి తెలుసుగా."

"గ్రేట్ అక్కా మీరు" అంది జెనీఫర్. నిజంగానే మెచ్చుకుంది. సిరంజి ఖాళీ అయ్యాక సెలైన్ పెట్టి, వేరే పేషెంటు పిలిస్తే వెళ్ళింది.

నేను అమ్మ చేతి మీద టేపు సరిచేశాను. అది సరిగ్గానే ఉంది.

"అమ్మా, ఆ రోజు కాదు."

"ఏది?"

"తెలిసింది. మూడో తారీఖునే గీత వచ్చింది. సర్‌కి అప్పుడే చెప్పాను. నీకు చెప్పలేదు."

అమ్మ నా ముఖంలోకి చూసింది. నర్సు కాబట్టి లెక్క వెంటనే వేసేసింది.

"అయిదో తారీఖు వచ్చుండొచ్చు నేను."

"వచ్చుండొచ్చు."

"ఆ పొద్దున నవ్వాను కూడా, తప్పించుకున్నానని."

"ఆ."

పక్క కుర్చీలో ఎవరో పెద్దాయన గురక పెడుతున్నాడు. అమ్మ సెలైన్ చుక్కలు పడే వైపు తల తిప్పుకుంది.

"నేనూ చేశానే ఈ పని" అంది చివరికి. "సరోజ అని ఒకావిడ ఉండేది. ఆవిడ స్కాన్ రిపోర్టు వస్తే, కొడుకు పెళ్ళయ్యేదాకా చెప్పొద్దని డాక్టర్‌ని బతిమాలా. పదిరోజులు. పెళ్ళిలో ఎంత బాగా తిరిగిందో. నేను మంచిపని చేశాననే అనుకున్నా ఇన్నాళ్ళూ."

నేను ఏదో అనబోయాను.

"వద్దు. నీకు కారణాలుంటాయి, నాకూ తెలుసవి. నాకు కోపం వస్తోంది. కాసేపు నాతో మాట్లాడకు."

కళ్ళు మూసుకుంది. నేను కుర్చీలోంచి లేచి వెళ్ళిపోవాలా, అక్కడే ఉండాలా తేల్చుకోలేకపోయాను. ఉన్నాను.

ఒంటిగంట దాటాక డాడీ ఫోన్ చేశారు. "ఎలా ఉంది? ఎక్కించారా? వాంతులేమన్నా అయ్యాయా?" అన్నీ ఒకే ఊపిరిలో అడిగారు. బానే ఉంది డాడీ అని ఎప్పట్లా చెప్పబోయి ఆగిపోయాను. ఫోన్ అమ్మ చేతికిచ్చాను.

"ఆ, ఎక్కింది" అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. "లేదు, ఇంకా కాలేదు. సాయంత్రం అవుతాయి, ఇంటికొచ్చాక బకెట్ మంచం దగ్గర పెట్టు. నువ్వు రానక్కర్లేదు, డ్యూటీ చూసుకో." అవతల డాడీ ఇంకేదో అడిగారు.

"ఒక్కదాన్నే ఎందుకుంటా? ఇది ఉందిగా ఇక్కడ" అంది.

ఫోన్ నా ఒళ్ళో పెట్టి ముఖం అటు తిప్పుకుంది. ఇంటికి చేరేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.